పోడు చేను కాపలాదారు

1959 దాకా భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది, ఆ తర్వాత ఖమ్మంలో కలిసింది. ఏ జిల్లాలో ఉన్నా, అడవి అంచు కోయ, కొండరెడ్డి గూడేల్లో కుక్క లేని ఇల్లు అరుదు. పోడు చేలో జొన్న కంకి పట్టే వేళకు అడవి పందులు దిగుతాయి. మంచె మీద మనిషి కునుకు తీసినా కింద కుక్క చెవులు నిక్కించే ఉండాలి.

అక్కడ జాతి పేరు ఎవరికీ పట్టదు. కుక్కపిల్లల్లో చురుకైనదేదో, చప్పుడుకు బెదరనిదేదో చూసి ఎంచుకుంటారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించాక కుక్క పని వేట నుంచి ప్రధానంగా కాపలాకు మారింది. తెలుగు నేలకు పేరున్న జాతి జోనంగి మాత్రం కొల్లేరు వైపుది. మొరగడం తక్కువ, బాతుల మందలు కాయడంలో దిట్ట.

మరి తిండి? ఇంట్లో వాళ్లు తినేదే: గంజి, జొన్న సంకటి, దొరికిన రోజు ఎముక. ఇది పేదరికపు సర్దుబాటు మాత్రమే అనుకోవడం పొరపాటు. పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు ప్రతులు తోడేళ్లలో కన్నా కుక్కల్లో ఎక్కువని 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు చూపించారు. అయితే సంకటి ఒక్కటే చాలదు, మాంసకృత్తులూ కావాలి.

ఇప్పుడు ఖమ్మం పట్టణంలో సైబీరియా మంచుకు అలవాటైన హస్కీలనూ పెంచుతున్నారు. మేలో 45 డిగ్రీలకు చేరే ఎండలో ఆ దట్టమైన బొచ్చు వాటికి నరకం. ఈ ఎండను తట్టుకునేది పొట్టి బొచ్చు ఊరకుక్కే.