ఊరి పేరు టైప్ చేస్తే

"అన్నా, నేటివ్ ప్లేస్ అని ఒక గడి ఉంది. అక్కడేం రాయమంటావ్?"

రెండేళ్ల కిందట ఒక రాత్రి వచ్చిన ఫోన్ ఇది. మా బాపట్ల వైపు కుర్రాడు. బీటెక్ అయింది. హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఆఫర్ ఇవ్వబోతూ, ముందు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఫారం నింపమంది. "మీ ఊరి పేరు రాయి, దాందేముంది" అనబోయి ఆగిపోయాను. వాళ్లది స్టువర్టుపురం.

"బాపట్ల అని రాసెయ్" అన్నాను. అబద్ధమేం కాదు. మండలం అదే, 2022 ఏప్రిల్ నుంచి జిల్లా కూడా అదే. అవతల కాసేపు చప్పుడు లేదు. "అట్టాగేలే అన్నా" అని పెట్టేశాడు.

నాకు నిద్ర పట్టలేదు. లేచి ఆ ఊరి పేరు సెర్చ్‌లో కొట్టాను. సినిమా పోస్టర్లు, గజదొంగల కథలు, "ఒకప్పటి దొంగల ఊరు" అంటూ మొదలయ్యే వార్తలు, వీడియోలు. హెచ్.ఆర్. డిపార్ట్‌మెంట్‌లో ఎవరైనా ఇదే పని చేస్తే వాళ్లకీ ఇవే కనిపిస్తాయి. ఆ కుర్రాడి మీద ఒక్క కేసు లేదు. చెరిపేయమని అడగడానికి అతని పేరు మీద ఏమీ లేదు కూడా. ఉన్నదంతా ఊరి పేరు మీదే ఉంది.

నా సంగతీ ఒప్పుకోవాలి. చిన్నప్పుడు పాసింజర్ బండి బాపట్ల దాటి చీరాల వైపు వెళ్తుంటే, స్టువర్టుపురం స్టేషన్ రాగానే మా పెద్దవాళ్లు మెళ్లో గొలుసులు పైట చాటుకి లాక్కునేవాళ్లు. మేం పిల్లలం నవ్వుకునేవాళ్లం. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఒకసారి మిరప కల్లంలో ఒక టిక్కీ తగ్గింది. కల్లం దగ్గర నిలబడ్డ నలుగురిలో ఎవరో ఆ ఊరి పేరు అన్నారు. టిక్కీ తర్వాత దొరికిందో లేదో నాకు గుర్తులేదు. ఊరి పేరు మాత్రం గుర్తుండిపోయింది. అపకీర్తి ఎలా పనిచేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా వేరే ఉదాహరణ నాకు అక్కర్లేదు.

*

ఈ చరిత్ర వెతకడం మొదలుపెట్టాక నన్ను ముందు ఆపింది పేర్లే. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బల ఎరుకల. ఎవరు ఏం అమ్ముతారో, ఏం అల్లుతారో పేరే చెప్పేది. ఇప్పటి భాషలో అది వాళ్ల ప్రొఫైల్. సముద్రం ఒడ్డున ఉప్పు కొటార్ల నుంచి గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు వేసుకుని లోపలి పల్లెలకి వెళ్లేవాళ్లు. అక్కడ గింజలకి మార్చుకుని తిరిగొచ్చేవాళ్లు. ఆడవాళ్లు బుట్టలు అల్లేవాళ్లు, ఎరుక చెప్పేవాళ్లు. ఎరుక అంటే తెలివిడి. పద్మావతి పెళ్లి కథలో సాక్షాత్తూ శ్రీనివాసుడే ఎరుకలసాని వేషం కట్టుకుని ఆకాశరాజు ఇంటికి వెళ్తాడు. వాకిట్లోకి పిలిచి, చాట ముందు కూర్చోబెట్టి, చెయ్యి చాపి చూపించుకోదగ్గ మనిషిగా ఎరుకలసాని మన కథల్లో ఉంది.

పంతొమ్మిదో శతాబ్దంలో రెండు పనులు జరిగాయి. ఉప్పు మీద ప్రభుత్వం పట్టు బిగించింది. రైలు వచ్చి, గాడిద నెలల తరబడి మోసే ఉప్పుని రోజుల్లో మోసుకుపోయింది. ఇవాళ ఆ ఊరి పక్క నుంచి పోతున్న మద్రాసు లైను కూడా ఆ మార్పులో భాగమే. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన 'డిజానర్డ్ బై హిస్టరీ' అనే పుస్తకంలో ఈ క్రమాన్ని వివరంగా రాశారు. వర్తకం పోయింది, తిరుగుడు మిగిలింది. సరుకు లేకుండా తిరిగే మనిషి పోలీసు కంటికి దొంగలాగే కనిపిస్తాడు. పాత పేర్ల వరసలోకి పోలీసు కాగితాలు 'దొంగ ఎరుకల' అనే ఇంకో పేరు చేర్చాయి.

దొంగతనాలు జరగలేదని కాదు, జరిగాయి. కానీ దొంగతనం చేసినవాణ్ణి పట్టుకోవడం వేరు, పుట్టినవాణ్ణల్లా రిజిస్టర్‌లో ఎక్కించడం వేరు. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం ఈ రెండో పని చేసింది. ఈ దేశంలో కులవృత్తులున్నాయి కాబట్టి నేరం కూడా ఒక కులవృత్తే అయ్యుంటుందన్నది దాని వెనక వాదన. మొదట ఉత్తరాదికే ఉన్న ఆ చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. ఒక తెగని నోటిఫై చేస్తే దానిలోని మనుషుల పేర్లు రిజిస్టర్‌లో రాయొచ్చు, వేలిముద్రలు తీసుకోవచ్చు. వాళ్లు చెప్పిన వేళకి వచ్చి హాజరు వేయించుకోవాలి, మకాం మార్చితే తెలియజేయాలి. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేసి స్కూళ్లలో పెట్టడానికి కూడా ఆ చట్టంలో వీలుంది.

సెర్చ్ అనేది మనం కనిపెట్టాం అనుకుంటాం. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. ముద్రల్లోని సుడులనీ వంపులనీ బట్టి కాగితాల్ని 1024 గళ్లలో సర్దే పద్ధతి అక్కడ పనిచేసింది. దానికి ఎడ్వర్డ్ హెన్రీ పేరు పెట్టారు గానీ, లెక్క కట్టడంలో కష్టం అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ ఉద్యోగులది. వేల కాగితాల్లోంచి కావలసిన ఒక్క కాగితం నిమిషాల్లో చేతికి రావాలన్నదే దాని లక్ష్యం. మనిషి ఎంత దూరం వెళ్లినా పాత పేరు ముందే అక్కడికి చేరుకోవడం అప్పుడే మొదలైంది. పోలీసు రికార్డుల్లోని కె.డి. అనే పొడి అక్షరాలు 'కేడీ' అనే తిట్టై మన నోళ్లలో తిరుగుతున్నాయంటే ఆ ఇండెక్స్ ఎంత లోతుకి దిగిందో చూడండి.

*

1913 ప్రాంతంలో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేతికి ఒక సెటిల్‌మెంట్ ఇచ్చారు. మద్రాసు గవర్నర్ కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. సాల్వేషన్ ఆర్మీని ఇండియాకి తెచ్చిన బూత్ టక్కర్ అయితే నేరాన్ని నయం చేసే శాస్త్రం అంటూ 'క్రిమినోక్యూరాలజీ' అనే మాటే పుట్టించాడు. జబ్బుకి మందిచ్చినట్టు ఒక జాతికి మందు! బాగుచేశామని చెప్పుకోవాలంటే ముందు చెడ్డవాళ్లని చెప్పాలి కదా. విరాళాలు ఇచ్చేవాళ్లకి కథ కావాలి. ఇటు పొగాకు కంపెనీకి కూలీలు కావాలి. చీరాల ఐ.ఎల్.టి.డి. కంపెనీలో పనికి ఈ సెటిల్‌మెంట్ మనుషులు వెళ్లేవాళ్లు. ఊరికి వచ్చిన చెడ్డపేరు చాలామందికి అక్కరకొచ్చింది, ఊళ్లోవాళ్లకి తప్ప.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ చట్టాన్ని పరిశీలించిన కమిటీకి అధ్యక్షుడు మన తిరుచానూరు మనిషే, అనంతశయనం అయ్యంగార్. 1952లో దేశమంతటా చట్టం రద్దయింది. నోటిఫై అయినవాళ్లు 'విముక్త జాతులు' అయ్యారు. ఆ తర్వాత కూడా పాత నేరస్థుల చట్టాలు మాత్రం రాష్ట్రాల్లో ఉండిపోయాయి. మద్రాసు 1948లో ఒకటి చేస్తే, ఆంధ్రప్రదేశ్ 1962లో ఒకటి చేసుకుంది. జాతి మీద ఉన్న ముద్ర తీసి మనిషి మీద వేశారని కాగితం చెబుతుంది. స్టేషన్ మెట్లు ఎక్కినవాళ్లకి ఆ తేడా ఎంత తెలిసిందో వాళ్లనే అడగాలి.

1970ల్లో అడగడానికి వెళ్లిన మనిషి హేమలతా లవణం. వినుకొండ కవి గుర్రం జాషువా కూతురు, గోరా కోడలు. స్టువర్టుపురంలో, కప్పరాళ్లతిప్పలో ఏళ్ల తరబడి ఆ కుటుంబాల మధ్య పనిచేశారు. కూతురి పని గురించి ఎంతమందికి తెలుసు? నేను ఊరి పేరు కొట్టిన రాత్రి ఆమె పేరు మొదటి పేజీలో కనిపించలేదు. సినిమాలు కనిపించాయి. యండమూరి దర్శకత్వంలో 1991లో చిరంజీవి హీరోగా వచ్చిన 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్', 2023లో రవితేజ 'టైగర్ నాగేశ్వరరావు'. ఈ రెండోదాని టీజర్ తమని కించపరిచేలా ఉందని హైకోర్టులో వ్యాజ్యం కూడా పడింది.

*

సెర్చ్ ఇంజన్‌కి మన మీద పగ లేదు. ఎక్కువ పేజీలు దేన్ని చూపిస్తాయో, ఎక్కువమంది దేన్ని వెతుకుతారో దాన్ని అది పైకి తెస్తుంది. దొంగ కథకి ఉన్నంత గిరాకీ టీచర్ ఉద్యోగం చేసుకునే మనిషి కథకి ఉండదు. ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తట్టింది. 1909లో థర్స్టన్ దక్షిణ భారత కులాల మీద వేసిన ఏడు సంపుటాల్లో ఈ జాతి గురించి రాసినదాంట్లో చాలా భాగం పోలీసు అధికారుల రాతల ఆధారంగా రాసిందే. కాపీరైట్ తీరిపోయింది కాబట్టి ఆ పుస్తకం ఇవాళ నెట్‌లో ఉచితంగా, అక్షరం అక్షరం వెతుక్కునే వీలుతో ఉంది. దాన్ని ప్రశ్నించిన మీనా రాధాకృష్ణ పుస్తకం మాత్రం కొనుక్కోవాలి. అంటే వందేళ్ల నాటి పోలీసు అభిప్రాయం చౌకగా దొరుకుతుంది, దానికి జవాబు ఖరీదు. ఏది ఎక్కువ కాపీ అవుతుందో చెప్పక్కర్లేదు.

మరి చెరిపించుకునే దారి? 2014లో స్పెయిన్‌కి చెందిన ఒకాయన, 1998లో తన అప్పుల గురించి పత్రికలో పడ్డ వేలం ప్రకటన ఇంకా గూగుల్‌లో కనిపిస్తోందని యూరప్ కోర్టులో గెలిచాడు. మన సుప్రీంకోర్టు 2017లో గోప్యత ప్రాథమిక హక్కు అంది. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. ఇవన్నీ ఒక మనిషికి, అతని సమాచారం మీద ఉండే హక్కులు. ఊరి పేరుకి పరువు నష్టం దావా వేసేదెవరు? మర్చిపోయే హక్కు ఊరికిస్తే, చేసిన అన్యాయాన్ని మర్చిపోయే వీలు ప్రభుత్వానికీ దొరుకుతుంది. చెరపడం కూడా అంత తేలిక మందు కాదు.

ఆన్‌లైన్‌లో పేరు కాపాడుకోవడం గురించి చెప్పేవాళ్లంతా ఒకటే చిట్కా చెబుతారు. చెడ్డది తీయించలేకపోతే మంచిది ఎక్కువగా పెట్టు, చెడ్డది కిందికి దిగుతుంది. అది విన్నాక నేనిచ్చిన సలహా ఎంత తప్పో అర్థమైంది. ఆ ఊళ్లో చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్న ప్రతివాడూ "బాపట్ల" అని రాసుకుంటే, ఆ ఊరి పేరు మీద మిగిలేదెవరు? దొంగలే. బాగుపడ్డవాళ్లని ఒక్కొక్కర్నీ ఆ పేరులోంచి తప్పించి, నేరాన్ని మాత్రం దానికి వదిలేసే పనిలో నేనూ ఒక చెయ్యి వేశాను, మంచివాడిననుకుంటూ.

అలాగని అతనికి ధైర్యం నూరిపోసే హక్కు నాకుందా? ఉద్యోగం పోతే పోయేది అతనిది, నాది కాదు. నా ఊరి పేరు రాయడానికి నేనెప్పుడూ ఆలోచించాల్సి రాలేదు.

2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. విముక్త జాతుల్ని పుట్టుకతో నేరస్థులుగా చూసే మాన్యువల్ నిబంధనల్ని కొట్టేసింది. ఆ వార్త లింకు అతనికి పంపాను. బదులుగా అతను తన లింక్డిన్ పేజీ లింకు పంపాడు. ఉద్యోగం దొరికి అప్పటికి ఏడాది దాటింది. చదువు కింద హైస్కూల్ దగ్గర ఊరి పేరు ఉంది. పూర్తిగా, స్పెల్లింగ్‌తో సహా.

"భయం లేదా?" అన్నాను.

"ప్రొబేషన్ అయిపోయిందిగా అన్నా" అని నవ్వాడు.

ఆ రాత్రి మళ్లీ ఊరి పేరు కొట్టాను. అతని పేజీ కోసం చాలా కిందికి వెళ్లాల్సి వచ్చింది. ఉంది.