మృత్యుక్రీడ – నిర్వాహకుని ప్రశ్న : ‘ఆలిస్ ఇన్ బోర్డర్‌ల్యాండ్’ ధారావాహిక బలాలు, పరిమితులు

ఉపోద్ఘాతం

కొందరు మనుషులను ఒకచోట బంధించి, నియమాలు వినిపించి, ఓడినవారి ప్రాణం తీసే కథలు గత మూడు దశాబ్దాలలో జపాను ప్రజాదరణ సాహిత్యంలోనూ దృశ్యమాధ్యమాలలోనూ ఒక ప్రత్యేక శాఖగా స్థిరపడ్డాయి. వీటిని తెలుగులో ‘మృత్యుక్రీడా కథలు’ అనవచ్చు. ఈ శాఖకు చెందిన ‘ఆలిస్ ఇన్ బోర్డర్‌ల్యాండ్’ ధారావాహికను చారిత్రక క్రమంలో నిలిపి, దాని బలాలను, పరిమితులను నిర్ణయించడం ఈ వ్యాస లక్ష్యం. పరిశీలనకు ఒకే ప్రశ్నను గీటురాయిగా తీసుకోవడమైనది: ఆటను నడిపేది ఎవరు?

చారిత్రక నేపథ్యం

1989 డిసెంబరు చివర టోక్యో షేర్ల సూచీ నిక్కీ 38,915 వద్ద శిఖరాన్ని తాకింది. ఆ తరువాత షేర్ల ధరలు, భూముల ధరలు కుప్పకూలాయి. చదువు ముగియగానే స్థిరమైన కొలువు, అందులోనే పదవీవిరమణ అన్న నమ్మకం సడలింది. 1990లలో పట్టభద్రులైన యువతరం ఎదుర్కొన్న నిరుద్యోగ కాలాన్ని జపనీయులు ‘ఉద్యోగాల మంచుయుగం’ అని పిలిచారు. మృత్యుక్రీడా కథలు బలపడింది ఈ నేలమీదనే.

1996లో మొదలైన ఫుకుమొతో నొబుయుకి చిత్రకథ ‘కైజి’లో నాయకుడు పరిచయస్థుని అప్పుకు హామీ ఉండి, ఆ అప్పు తీర్చడానికి జూదపు ఓడ ఎక్కుతాడు. అక్కడ ఆట నడిపేది ధనం. 1999లో వెలువడిన తకామి కోషున్ నవల ‘బ్యాటిల్ రాయల్’లో ఒక నిరంకుశ ప్రభుత్వమే బడిపిల్లలను ఒకరిచేత ఒకరిని చంపిస్తుంది. దీనిని 2000లో చలనచిత్రంగా మలచిన ఫుకసాకు కింజి యుద్ధకాలంలో ఆయుధ కర్మాగారంలో పనిచేసిన బాలుడు. ఫిరంగి దాడిలో తోటివారి మరణాన్ని కళ్లారా చూసినవాడు. పెద్దల రాజ్యం పిల్లలను బలి ఇస్తుందన్న అనుభవం ఆ చిత్రానికి ప్రాణం. అది జపాను పార్లమెంటులో సైతం చర్చకు వచ్చింది. 2007లో ఫుజి టెలివిజన్ ప్రసారం చేసిన ‘లయర్ గేమ్’లో మరణానికి బదులు పది కోట్ల యెన్‌ల అప్పు నిలిచింది. ఈ మూడింటిలోనూ నిర్వాహకుడు మనిషే, లేదా మనుషులు నిర్మించిన వ్యవస్థే.

ధారావాహిక స్వరూపం

అసో హరో చిత్రకథ 2010 నుంచి 2016 వరకు వెలువడింది. సతో షిన్‌సుకె దర్శకత్వంలో నెట్‌ఫ్లిక్స్ ధారావాహికగా తొలిభాగం 2020 డిసెంబరు 10న, రెండవ భాగం 2022 డిసెంబరులో, మూడవది 2025 సెప్టెంబరులో విడుదలయ్యాయి. ఉద్యోగం లేక, తండ్రి ఈసడింపుకు గురై, వీడియో ఆటలలో తలదాచుకున్న అరిసు ఇద్దరు మిత్రులతో కలిసి నిర్మానుష్యమైన టోక్యోలో చిక్కుకుంటాడు. ఆట గెలిస్తే కొన్నాళ్ల ‘వీసా’ లభిస్తుంది. గడువు తీరితే ఆకాశం నుంచి వెలువడే కిరణం ప్రాణం తీస్తుంది. ఆటల స్వభావాన్ని పేకముక్కలు నిర్దేశిస్తాయి: ఇస్పేటు శరీరబలానికి, డైమండు బుద్ధికి, కళావరు సమష్టి కృషికి, ఆఠీను మనసులతో ఆడే క్రీడకు సంకేతాలు.

బలాలు

మొదటి బలం నియమాన్ని నీతిప్రశ్నగా మార్చడం. ఆఠీను ఏడు ఆటలో చూపు కలిసినప్పుడు ‘తోడేలు’ పాత్ర ఒకరినుంచి మరొకరికి మారుతుంది. గడువు ముగిసేసరికి తోడేలుగా ఉన్నవారే బతుకుతారు. మొదట ప్రాణాలకై పెనుగులాడిన మిత్రులు చివరకు అరిసు కంట పడకుండా దాక్కుని అతనిని బతికిస్తారు. త్యాగాన్ని గురించి ఉపన్యాసం అవసరం లేకుండా నియమమే దానిని పలికించింది.

రెండవ బలం మేధోక్రీడకు మానవీయ అర్థం కల్పించడం. డైమండు రాజు ఆటలో సున్న నుంచి నూరు వరకు ఒక సంఖ్యను ఎంచుకోవాలి; అందరి సంఖ్యల సగటులో 0.8 వంతుకు దగ్గరైనవారు విజేతలు. ఇతరులు ఏమి ఊహిస్తారో ఊహించే ఈ తర్కాన్ని ఆర్థికవేత్త కీన్స్ 1936లోనే అందాలపోటీ ఉపమానంతో వివరించాడు. ధారావాహిక దీనిని ప్రాణాల విలువను ఎవరు నిర్ణయించాలన్న ప్రశ్నగా మలచింది. ఒకప్పటి న్యాయవాది కుజుర్యూ తన ఓటమిని తానే ఎంచుకోవడంలో ఆ ప్రశ్నకు సమాధానం ఉంది.

మూడవది దృశ్యనిర్మాణం. తోచిగి ప్రాంతంలోని అషికగలో షిబుయా కూడలిని పోలిన ఆరుబయలు సెట్టును ఉపయోగించి చిత్రించిన నిర్జననగరం, మహమ్మారి కాలపు ప్రేక్షకునికి కల్పనగా మాత్రమే తోచలేదు.

పరిమితులు

‘బీచ్’ ఘట్టంలో ఈ బలాలు సన్నగిల్లాయి. హంతకుని కనుగొనవలసిన ఆఠీను పది ఆట తుపాకుల ఊచకోతగా సాగి, తర్కానికి చోటు తగ్గింది. ఉసాగిపై అత్యాచారయత్నాన్ని ఉత్కంఠకు సాధనంగా వాడడం, స్త్రీశరీరాన్ని అలంకారంగా చూపడం విమర్శార్హాలు. పాత్ర మరణానికి ముందు గతస్మృతిని జొప్పించే పద్ధతి పదేపదే రావడంతో ప్రేక్షకుడు మరణాన్ని ముందే పసిగడతాడు.

వీటికంటె మౌలికమైన పరిమితి రెండవ భాగం ముగింపులో ఉంది. షిబుయాపై ఉల్కాపాతం జరిగిందని, ఆటగాళ్లందరూ గుండె ఆగిన క్షణాలలో ఈ సరిహద్దులోకం చూశారని తెలుస్తుంది. బతకాలా, వద్దా అన్న ప్రశ్నకు ఈ ముగింపు లోతు నిచ్చింది. కాని అరిసును నిరుపయోగిగా ముద్రవేసిన సమాజం ఆ వెలుగులో కనుమరుగైంది. రాజ్యం, ధనం నిలిచిన చోట ఇప్పుడు ఎవరూ బాధ్యులు కాని ప్రకృతి విపత్తు నిలిచింది. 2021లో వచ్చిన కొరియా ధారావాహిక ‘స్క్విడ్ గేమ్’ తన నాయకుని గతంలో కర్మాగారపు సమ్మెను, ఉద్యోగనష్టాన్ని నిలిపి, ఆటకు వెలుపలి కారణాన్ని మరువనివ్వలేదు. ఆ తులనలో ఈ లోపం మరింత స్పష్టమవుతుంది. ముగిసిన కథను మూడవ భాగంలో తిరిగి తెరవడం వలన, జీవితాన్ని ఎంచుకున్న నిర్ణయపు బరువు కూడా కొంత తగ్గింది.

ముగింపు

వ్యక్తి అంతరంగ పరీక్షగా ‘ఆలిస్ ఇన్ బోర్డర్‌ల్యాండ్’ సమర్థమైన రచన. సామాజిక విమర్శగా తన పూర్వరచనలకంటె వెనుకబడినది. ఉద్యోగం లేని యువకునికి బతకాలన్న కోరికను అది తిరిగి ఇచ్చింది. అయితే అతడు తిరిగి వచ్చే లోకం మారలేదు. మారాలని కథ అడగనూ లేదు. ‘కైజి’ నుంచి ఇప్పటివరకు సాగిన ఈ పరిణామంలో నిర్వాహకుడు క్రమంగా ముఖం కోల్పోయాడు. మృత్యుక్రీడా కథలను అధ్యయనం చేసేవారు ఆటగాళ్ల మనస్తత్వంతోపాటు ఈ అదృశ్యతను కూడా చరిత్రసాక్ష్యంగా పరిగణించవలసి ఉంది.