తల్లిపాలును పిల్లల పడిశమును

పిల్లవాడు ప్రొద్దున లేచినది మొదలు వరుసగా పది తుమ్ములు తుమ్మి, ముక్కు నలుపుకొనుచు, కన్ను లెఱ్ఱజేసికొని బడికి వచ్చును. జ్వరము లేదు. వారములో పోవలసిన రొంప మూడు నెలలైనను పోదు. ఇట్టివారిని మా తరగతులలో ఏటేట చూచుచున్నాము. అట్టివా డొకని తల్లిని పిలిపించి, వైద్యునకు చూపుడని చెప్పబోవునంతలో వెంట వచ్చిన అత్తగారు తీర్పు చెప్పివేసినది: "మూడవ నెలలోనే పోతపాలు మప్పినదండీ! మఱి రాక యేమగును?" ఆ తల్లి తలవంచుకొని నిలిచినది. ఆ తీర్పున కాధారమెంతయో విచారింపవలెనని మాకానాడే తోచినది.

ప్రతిశ్యాయమను పేర పడిశమును మన ప్రాచీనవైద్యు లెఱుగుదురు. కాని యీ తుమ్ముల వ్యాధిని సామాన్యమైన జలుబునుండి విడదీసి చూచుట యిటీవలి సంగతి. 1819లో లండను నగరమున జాన్ బాస్టాక్ అను వైద్యుడు ఒక రోగి వృత్తాంతమును వైద్యసభలో చదివెను. ఏటేట వేసవి రాగానే కన్నుల దురద, తుమ్ములు, ఊపిరి బిగింపు. ఆ రోగి తానే! పిమ్మట తొమ్మిదేండ్లు వెదకి 1828 నాటి కిట్టివారిని 28 మందిని మాత్రము పోగుచేసెను. 1873లో మాంచెస్టరు వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ, తానును ఈ బాధ పడువాడే గాన, పుప్పొడిని తన ముక్కునకును గీరిన చర్మమునకును తగిలించుకొని చూచి, దోషము ఎండది కాదు, పుప్పొడిదని తేల్చెను. 1906లో వియన్నా బాలవైద్యుడు పిర్కే, అన్యపదార్థముల యెడ శరీరము మాఱి ప్రవర్తించుటకు ఎలర్జీ యని పేరు పెట్టెను.

పాల ప్రసక్తి దీనిలోని కెట్లు వచ్చినది? 1936లో షికాగోలో గ్రూలీ, శాన్‌ఫర్డు అను వైద్యులు 20,061 మంది శిశువుల లెక్క ప్రకటించిరి. ఆవుపాలతో పెరిగినవారికి ఎగ్జిమా యను చర్మవ్యాధి చనుబాలు త్రాగినవారికంటె ఏడు రెట్లు కనబడెను. అది చర్మపు మాట; ముక్కు మాట కాదు. అయినను నాటినుండి తల్లిపా లన్ని యెలర్జీలకు కవచమను నమ్మకము ప్రబలెను. 1995లో హెల్సింకి వైద్యులు 150 మంది పిల్లలను పదునేడేండ్ల వఱకు చూచి, ఆఱు నెలలకు మించి చనుబాలు త్రాగినవారికి బాధ తక్కువ యనిరి. 2002లో న్యూజీలాండులోని డనీడిన్ నుండి వచ్చిన వార్త దీనికి పూర్తిగ విరుద్ధము. అచ్చట 1972, 73లలో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లలను పెంచి పెద్దచేయువఱకు చూడగా, నాలుగు వారములైన చనుబాలు త్రాగినవారికే గడ్డిపుప్పొడి, పిల్లులు, ఇంటి దుమ్ములోని పురుగులు ఎక్కువగ పడకుండెను!

ఇరువురును అబద్ధ మాడలేదు. చిక్కు వేఱొకచోట నున్నది. ఎక్కువ కాలము పాలిచ్చు తల్లి, ఈయని తల్లి, చదువునను సంపదలోను వంశలక్షణములలోను ఒక్కటి కారు. తనకే ఉబ్బస మున్న తల్లి బిడ్డకు రాకూడదని మఱింత కాలము పాలీయవచ్చును. అప్పుడు వంశముచే వచ్చిన వ్యాధి పాలచే వచ్చినట్లు కనబడును. చీట్లు వేసి కొందఱు తల్లులను పాలీయవలదనుట యధర్మము. మాంట్రియాలు వైద్యుడు మైకేల్ క్రేమరును ఆయన సహచరులును దీనికొక యుపాయము చూచిరి. 1996, 97లలో బెలారుస్ దేశమున 31 ప్రసూతిశాలలకు చీట్లు వేసి, కొన్నిట పాలిచ్చు తల్లులకు విశేషముగ తోడ్పడునట్లు సిబ్బందికి శిక్షణ మిప్పించిరి. తక్కినవానిని యథాప్రకారము విడిచిరి. తల్లీబిడ్డల జంటలు 17,046. తోడ్పాటున్న చోట మూడవ నెలలో నూటికి 43 మంది శిశువులు కేవలము చనుబాలపై నుండిరి. లేనిచోట ఆర్గురు మాత్రమే. మొదటి యేట విరేచనముల వ్యాధి నూటికి 13 నుండి 9కి తగ్గెను. ఎగ్జిమాయు సగమునకు దిగెను. కాని ఆఱున్నర యేండ్ల ప్రాయమున 13,889 మందిని పరీక్షింపగా, ఉబ్బసము గాని, పుప్పొడి పడిశము గాని ఇసుమంతయు తగ్గలేదు. 2007లో ఈ ఫలితము ప్రకటింపబడెను.

పడిశమునకు వంశము ముఖ్యకారణము. ఇంట అన్నలు అక్కలు ఎక్కువగ నున్న పిల్లలకు ఈ పడిశము తక్కువయని 1989లో స్ట్రాకన్ అను నాయన 17,414 మంది బ్రిటిషు పిల్లల లెక్కలో చూపెను. కడగొట్టుబిడ్డగ పుట్టకపోవుటయు తల్లి తప్పే యని యెవరైన అందురేమో!

అత్తగారి తీర్పులో మాకు మిక్కిలి వింతగ తోచిన దింకొకటి కలదు. మూడవ నెల పోతపాల నంతగ నిందించిన యామెయే, మాటలలో మాటగ, పురిటిలో ముర్రుపాలు తానే పిండించి పాఱబోయించితినని సంతోషముతో చెప్పినది. చరకుడు తేనెయు నేయియు నాకించిన వెంటనే రొమ్మందింపుమనెను. సుశ్రుతుడు మూడు నాలుగు రాత్రులకు గాని పాలు పడవని తలచి, అంతవఱకు తేనెనేతులు విధించెను. మన యిండ్లలో రెండవదానినే పట్టుకొనిరి. ఏడాది నిండని శిశువునకు తేనె కూడదనియు, ముర్రుపాలలోని రక్షకద్రవ్యములు బిడ్డ ప్రేగులను కాచుననియు నేటి వైద్యుల మాట. అత్తగారి నేల యనవలెను? మా యింటనే మా పెద్దబిడ్డకు మూడు దినములు తేనె నాకించిరి. రెండు గ్రంథములును చదివినవారమయ్యు మేము నోరెత్తలేదు.

పోతపాలేల మప్పవలసివచ్చినదని యా తల్లి నడిగితిమి. సెలవు తీఱి కొలువునకు పోవలసివచ్చినదని చెప్పినది. పిల్లవానిని చూచిన వైద్యుడు పాలమాట యెత్తనే లేదట. వాడు పండుకొను పాత దూదిపరుపును చూపి, దాని దుమ్మును గూర్చి ప్రశ్నించెనట. తండ్రికిని చిన్ననాట ఇట్టి తుమ్ములే యుండెనా యని యడుగగా, అత్తగారే అవునని తల యూపినది.