బెత్తెడు నీళ్లు

ఏప్రిల్ నెలాఖరు. ఒంగోలు. రాత్రి తొమ్మిదిన్నర. ఆకు కదలడం లేదు.

కోడలి వేళ్లు భగభగ మండుతున్నాయి. పొద్దుటినుంచీ వరండాలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీసింది మరి. మోచేత్తో తలుపు నెట్టి, వంటింట్లోకి పరుగెత్తి కొళాయి తిప్పింది. సన్నటి ధార. ఆ వెనకే గుర్రుమని గాలి.

"అత్తయ్యా! నీళ్లు రావట్లేదు!"

"ఆ మంట నీళ్లకు పోదమ్మాయ్, నూనె రాసుకో" అంటూ అరచేతిలో కొబ్బరినూనె పోసింది అత్తగారు. చేతులు రుద్దుకుంటూనే డాబా ఎక్కింది కోడలు. ఐదొందల లీటర్ల ట్యాంకు. నిన్న పొద్దున నిండి పొర్లింది. మూత తీసి సెల్‌ఫోన్ లైటు వేసింది.

అడుగున బెత్తెడు నీళ్లు!

మున్సిపాలిటీ నీళ్లు మళ్లీ ఎల్లుండే. భర్త గుంటూరు మిర్చి యార్డులో ఉన్నాడు. టిక్కీలు దింపి, తెల్లారితే జరిగే బేరం కోసం కాచుకున్నాడు. ఫోన్ చేసింది.

"పొద్దున్నే ప్లంబర్ని పిలువు."

"పొద్దుటిదాకా నీళ్లుంటే కదండీ!"

గోడలు తడిమింది. పొడి. పెరట్లో గొట్టాలు చూసింది. పొడి. ఇద్దరాడవాళ్లు చెవులు రిక్కించి నిలబడ్డారు. ఫ్యాన్ ఆపేశారు. అప్పుడు వినిపించింది. స్‌స్‌స్... బాత్‌రూమ్‌లోంచి.

ఫ్లష్ ట్యాంకు మూత ఎత్తి, మడిచిన గోనెసంచి మీద పెట్టింది. లోపలికి నీళ్లు సన్నగా ఎక్కుతున్నాయి. ఎక్కుతూనే ఉన్నాయి. కానీ మట్టం ఓవర్‌ఫ్లో గొట్టం మూతికి రెండు వేళ్లు కిందే ఆగిపోయింది. పైనుంచి పొర్లడం లేదంటే ఫ్లోటు తప్పు కాదు. మరి నీళ్లు పోతున్నదెటు?

అత్తగారు పంచెలకు పెట్టే నీలిమందు సీసా తెచ్చింది. నాలుగు చుక్కలు లోపల వేశారు. ఎవరూ ఫ్లష్ నొక్కలేదు. పావుగంట గడిచింది. వంగి చూసింది కోడలు. తెల్లటి బేసిన్ మీద నీలం చార. వెంట్రుకంత సన్నగా కిందికి జారుతోంది.

రెండు నిమిషాలకు గ్లాసుడు కారినా చాలు, రోజుకు 144 లీటర్లు పోతాయి. పైగా అవి ఎక్కడి నీళ్లు? 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేస్తే, కాలువల్లోకి నీళ్లొచ్చింది 1967 ఆగస్టు 4న, ఇందిరాగాంధీ చేతుల మీదుగా. శ్రీశైలం దిగి, సాగర్ గోడ దగ్గర ఆగి, కుడివైపు జవహర్ కాలువలో పడి, పల్నాటి పత్తిచేలనూ మిరపచేలనూ తడుపుకుంటూ ప్రకాశం దాకా నడిచి, ఒంగోలు మంచినీటి చెరువుల్లో చేరి, శుద్ధయి, గొట్టాల్లో ఒదిగి ఈ డాబా ఎక్కిన నీళ్లు, ఒక్కరి గొంతూ తడపకుండా మురుక్కాలవలోకి జారిపోతున్నాయి.

ఫ్లష్ ట్యాంకుకు నీళ్లొచ్చే యాంగిల్ కాక్ మూయబోయింది. తిరగలేదు. ఉప్పునీళ్ల బోరు వాడిన రోజుల నాటి తెల్లటి పెచ్చు పట్టేసింది. నూనె చేతులు జారిపోతున్నాయి. పటకారు అందుకుంది.

"వద్దు! బలం పెడితే గొట్టం విరుగుతుంది" అరిచింది అత్తగారు.

పాత గుడ్డ చుట్టి, ఇటు కాస్త, అటు కాస్త కదిపింది. కిర్రుమంది. తిరిగింది. స్‌స్‌స్ ఆగిపోయింది.

లోపలి నీళ్లను పారబోయలేదు. మగ్గుతో తోడి బక్కెట్లో పోసింది. మధ్యలో ఉన్న ఫ్లష్ వాల్వును పట్టుకుని పావువంతు ఎడమకు తిప్పి ఎత్తింది. ఊడి చేతికొచ్చింది. దాని అడుగున గుండ్రటి రబ్బరు వాషరు. ఒక పక్క అంచు నొక్కుకుపోయింది. చుట్టూ గరుకుగా ఉప్పుపొర.

ఈ రబ్బరు మీద నమ్మకం లేకే, అడుగున వాల్వు ఉండే ఫ్లష్ ట్యాంకుల్ని బ్రిటన్ 2001 దాకా కొత్తగా బిగించనివ్వలేదు. సైఫనే వాడాలంది. సైఫన్‌లో నీటి కింద మూసే రబ్బరుండదు. అది అరిగి నీళ్లు కారడమూ లేదు. ఈ ఇంట్లో ఉన్నది వాల్వు. దానికి కాపలా ఈ ఒక్క వాషరే. కొత్తది కొందామంటే షాపులన్నీ మూసేశారు.

"తిరగేసి పెడితే?" అంది కోడలు.

గోరువెచ్చటి నీళ్లలో నిమ్మఉప్పు కలిపి వాషరును నానబెట్టారు. పొర మెత్తబడింది. గుడ్డతో తుడిచారు. అది కూర్చునే గాడిని కూడా వేలితో తడిమి, గరుకు పోయేదాకా రుద్దారు. నొక్కుకుపోని వైపు కిందికి వచ్చేలా వాషరును తిరగేసింది. వాల్వును దించి కుడికి తిప్పింది. టక్కున కూర్చుంది.

యాంగిల్ కాక్ తెరవలేదు. బక్కెట్లోని నీలం నీళ్లే మళ్లీ ఫ్లష్ ట్యాంకులో పోసింది. మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టింది. బేసిన్ పొడిగుడ్డతో తుడిచింది. ఇద్దరూ గుమ్మంలో కూర్చున్నారు.

పావుగంట. అరగంట.

గీత దగ్గరే నీళ్లు. బేసిన్ తెల్లగా, పొడిగా ఉంది. ఒక్క నీలం చుక్క లేదు. కాక్ తెరిచింది. నిండాల్సినంత నిండి, ఫ్లోటు పైకి లేచి, దానంతటదే ఆగింది.

మర్నాడు పాత వాషరును చేతబట్టుకుని హార్డ్‌వేర్ షాపుకెళ్లి, పక్కన పెట్టి కొలిచి, సరిగ్గా అదే సైజు కొనుక్కొచ్చింది. అదీ తనే బిగించింది. ఆ మర్నాడు పొద్దున మున్సిపాలిటీ నీళ్లొచ్చేదాకా వంటకూ తాగడానికీ ఆ బెత్తెడే సరిపెట్టారు.

ఆ సాయంత్రం అత్తగారు నీలిమందు సీసా పట్టుకుని పక్కింటి గేటు తీసింది.

"పడుకోబోయే ముందు నాలుగు చుక్కలు వేసి చూడండమ్మా. రంగు కిందికి దిగిందా, మా కోడల్ని పిలవండి."