సరిహద్దు దాటగానే ఫోనులో ఆఫీసు మెయిల్ ఎందుకు ఆగుతుంది?

బల్లార్షాలో రైలెక్కినవారు సిర్పూర్ కాగజ్‌నగర్ చేరేలోగా వారి సెల్‌ఫోను మహారాష్ట్ర టవర్లను వదిలి తెలంగాణ టవర్లను అందుకుంటుంది. అప్పుడు ఫోను ఐపీ చిరునామా మారవచ్చు. డ్యూటీ మార్పు, సెలవు మంజూరు వంటి మెయిళ్లు సకాలంలో అందకపోవడానికి ఇదొక కారణం.

పెద్ద సంస్థలకు మెయిల్ సర్వర్లు అనేకం ఉంటాయి. ఫోన్లను వాటికి పంచే సాధనమే లోడ్ బ్యాలెన్సర్. అది ఐపీ చిరునామాను బట్టి సర్వరును కేటాయిస్తే, చిరునామా మారిన ఫోను వేరొక సర్వరుకు చేరుతుంది. అక్కడ గుర్తింపు మళ్లీ మొదటినుంచి జరగవలసి రావచ్చు. మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ 2013 నుంచి ఫోను ఒకే సర్వరును అంటిపెట్టుకోవలసిన అవసరం తప్పింది.

రెండవ కారణం గడువు. యాక్టివ్‌సింక్ పద్ధతిలో ఫోను సర్వరుకు అభ్యర్థన పంపి, కొత్త మెయిల్ కోసం నిమిషాల తరబడి వేచి ఉంటుంది. లోడ్ బ్యాలెన్సర్ ముందే ఆ సంబంధాన్ని తెంచితే ఫోను పదేపదే ప్రయత్నిస్తుంది. బ్యాటరీ తరుగుతుంది, మెయిల్ ఆలస్యమవుతుంది. ఫోను వేచి ఉండే కాలం కంటే లోడ్ బ్యాలెన్సర్ గడువు ఎక్కువగా ఉండాలి. ఈ మార్పు సంస్థ ఐటీ విభాగం మాత్రమే చేయగలదు.

ఇంట్లో చేయదగినవి:

1. ఫోను తేదీ, సమయం సరిచూడాలి.

2. బ్రౌజరులో మెయిల్ తెరవాలి. తెరుచుకోకుంటే సిగ్నల్‌ను, పాస్‌వర్డ్‌ను పరిశీలించాలి. తెరుచుకుంటే అత్యవసర మెయిళ్లు అక్కడే చదువుకోవచ్చు.

3. ఖాతాను తొందరపడి తొలగించరాదు. పంపని మెయిళ్లు పోవచ్చు.

4. సింక్ ఆగిన సమయం, ఊరు, నెట్‌వర్క్ పేరు, తెరపై కనిపించిన సందేశం రాసి ఐటీ విభాగానికి పంపాలి. లోపం ఎక్కడుందో ఆ వివరాలతోనే తేలుతుంది.