పట్టణ రోడ్లు సైకిలుకు ఎంతవరకు అనుకూలం? – పరిశీలించే విధానం

ఒక రోడ్డుపై సైకిలు తొక్కేవారికి ఎంత భద్రత, ఎంత నిబ్బరం ఉంటాయో నిర్ణయించడమే ఆ రోడ్డు యోగ్యతను అంచనా వేయడం. తారు నునుపుగా ఉన్నంత మాత్రాన రోడ్డు సైకిలుకు యోగ్యమైనది కాదు. నునుపైన రోడ్డుపై లారీల వేగమూ పెరుగుతుంది.

నాలుగు స్థాయిలు

అమెరికాలోని శాన్ హోసే నగర వీధులను పరిశీలించి మెకురియా, ఫర్త్, నిక్సన్ అనే పరిశోధకులు 2012లో ఒక విధానాన్ని ప్రకటించారు. మొదటి స్థాయి రోడ్డుపై పిల్లలు సైతం వెళ్ళగలరు. రెండవది సాధారణ పెద్దలకు, మూడవది బాగా అలవాటైన వారికి తగినది. నాల్గవ స్థాయి రోడ్డుపై తెగువ గల కొద్దిమంది మాత్రమే వెళ్ళగలరు. వాహనాల వేగం, వరుసల సంఖ్య, సైకిలుకు విడిగా గల చోటు, కూడళ్ళ తీరు ప్రధాన ప్రమాణాలు. ఇందులో సగటు తీయరాదు. దారిలో అత్యంత కష్టమైన భాగం ఏ స్థాయిలో ఉంటే దారి అంతటికీ అదే స్థాయి.

మన ప్రాంతంలో

పూర్వం 7వ నంబరుగా ఉన్న నేటి 44వ నంబరు జాతీయ రహదారి చిక్కబళ్ళాపురం, బాగేపల్లిల మీదుగా హైదరాబాదు వైపు సాగుతుంది. పల్లె నుండి మూడు కిలోమీటర్లు ప్రశాంతమైన బాటే ఉన్నా, చివర ఈ రహదారిని నేలమీదనే దాటవలసి వస్తే బిడ్డకు ఆ దారి నాల్గవ స్థాయిదే. అక్కడ అండర్‌పాసు ఉంటే లెక్క మారుతుంది. మదనపల్లె, శిడ్లఘట్ట మార్గాలు కలిసే చింతామణి వంటి వ్యాపార కేంద్రంలో వేగంతో పాటు, అంచున నిలిపిన వాహనాలను, తటాలున తెరుచుకొనే తలుపులను కూడా గమనించాలి.

మీరే పరిశీలించండి

1. బడి వేళకు పావుగంట నిలబడి లారీలను, బస్సులను లెక్కించండి.
2. రోడ్డు అంచున సైకిలుకు చోటు ఉన్నదా, గుంతలు, ఇసుక ఉన్నవా చూడండి.
3. రోడ్డు దాటేందుకు ఎంతసేపు ఆగవలసి వచ్చిందో వ్రాసుకోండి.
4. సాయంత్రం చీకటిలో మరొకసారి చూడండి.

పట్టణ వీధుల విషయమైతే పురసభకు లేక నగరసభకు, రహదారి దాటే చోటైతే జాతీయ రహదారుల ప్రాధికార సంస్థకు ఈ వివరాలతో అర్జీ ఇవ్వవచ్చు.

కర్ణాటక ప్రభుత్వం 2006–07లో ఎనిమిదవ తరగతి విద్యార్థులకు ఉచిత సైకిళ్ళ పథకం ప్రారంభించింది. అయితే సైకిలు ఉన్నా, ఒక్క కూడలికి భయపడి ఆడపిల్లను హైస్కూలు మాన్పించే ఇల్లు ఉండవచ్చు. దారి మొత్తం కాక, ముందుగా ఆ ఒక్క చోటును సరిచేయమని అడగడమే ఈ పరిశీలన వల్ల కలిగే ప్రయోజనం.