గుడిలోంచి సెంటర్ టేబుల్ మీదికి

మాఘమాసం వచ్చిందంటే మా అపార్ట్‌మెంట్ వెనక మామిడిచెట్టు పూతతో నిండిపోతుంది. మొన్న కరెంటు తీగలకు అడ్డొస్తున్నాయని కొన్ని కొమ్మలు కొట్టేశారు. పారేయబోతుంటే ఒక చిన్న కొమ్మ అడిగి తెచ్చుకున్నాను. ఇత్తడి చెంబులో నీళ్లు పోసి నిలబెట్టి, హాల్లో సెంటర్ టేబుల్ మీద పెట్టాను. పక్కన కొండపల్లి ఎద్దుబండి బొమ్మ. సాయంత్రం మావారు వచ్చి చూసి, "ఏంటోయ్, ఇవాళ అంత తీరిక దొరికిందా?" అన్నారు.

ఎగతాళికి అనలేదు. అయినా ఆ "తీరిక" అన్న మాట రాత్రిదాకా మనసులో గుచ్చుకుంటూనే ఉంది.

కొమ్మ ఒరిగిపోకుండా ఎలా నిలబెట్టాలా అని వెతుకుతూనే జపాన్ వాళ్ల ఇకెబానా గురించి చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఆశ్చర్యం. అది ఆడవాళ్ల తీరిక పనిగా పుట్టనే లేదు!

మనం దేవుడికి పూలు పెట్టినట్టే వాళ్లూ బుద్ధుడి ముందు పూలు పెట్టేవారు. అగరు ధూపానికి ఒక పాత్ర, ఒక దీపపు సెమ్మె, ఒక పూలకూజా: ఈ మూడూ కలిపి ఒక వరస. క్యోటో నగరంలో రొక్కాకుదో అనే గుడి ఉంది. అక్కడి పూజారి ఇకెనోబో సెంకెయ్ 1462లో పూలు అమర్చితే ఊళ్లోవాళ్లు పోటీపడి చూడ్డానికి వచ్చారని ఆ కాలపు ఒక సన్యాసి తన దినచర్యలో రాసుకున్నాడు. తర్వాతి శతాబ్దంలో అదే ఇంటిపేరున్న సెన్నో ఈ విద్యకు సూత్రాలు చెప్పాడు. విచ్చిన పువ్వులోనే కాదు, ఎండిన కొమ్మలోనూ అందం ఉందన్నాడు. పెద్ద ఇళ్లలో గోడలోకి గూడులా కట్టిన తొకొనొమా అనే చోట చిత్రపటం, దాని ముందు పూలు, ఒకటో రెండో కళావస్తువులు ఉంచేవారు. పూజారులు, సమురాయ్‌లు సాధన చేసిన విద్య ఇది. వాళ్లను ఎవరూ "తీరిక దొరికిందా" అని అడిగి ఉండరు.

మేజీ కాలంలో (1868–1912) ఇది ఆడపిల్లల బడుల్లో చేరింది. పెళ్లికాబోయే పిల్లకు రావాల్సిన పనుల్లో ఒకటైంది. మన ఇళ్లల్లో పెళ్లిచూపులకు "పాట వచ్చా, కుట్లు వచ్చా" అని అడిగేవారే, అలా అన్నమాట. చేయి మారగానే విద్య కాస్తా ముచ్చటైపోయింది!

ఆ రోజుల్లోనే పాశ్చాత్య పద్ధతి ఇళ్లు, బల్లలు, కొత్తరకం పూలు జపాన్‌కి వచ్చాయి. ఒహారా ఉన్‌షిన్ అనే ఆయన లోతు తక్కువగా, వెడల్పుగా ఉండే పళ్లేల్లో పూలు అమర్చే మొరిబానా పద్ధతి తెచ్చాడు. గూట్లో పెట్టింది ఎదుటినుంచే కనబడితే చాలు. బల్ల మీద పెట్టింది చుట్టూ కూర్చున్నవాళ్లందరికీ కనబడాలి. మన సెంటర్ టేబుల్ సంగతీ అంతే కదా. అడుగున కెన్‌జాన్ అనే ముళ్ల బిళ్ల ఉంటే కొమ్మ ఎటు గుచ్చితే అటే నిలుస్తుంది. నా చెంబుకి లేనిది అదే!

ముచ్చటగా నేర్పిన ఆ విద్యతోనే ఎంతోమంది ఆడవాళ్లు టీచర్లై సొంతంగా సంపాదించుకున్నారు. ఇకెనోబో పీఠానికి ఇప్పుడున్నాయన 45వ తరం వారు. ఆయన తర్వాత ఆ స్థానానికి ఎంపికైంది ఆయన కూతురు. అది చదివి ఎంత సంతోషమేసిందో!

మర్నాడు కాఫీ తాగుతూ ఇదంతా మావారికి చెప్పాను. "తీరిక దొరికి చేసింది కాదండీ, తీరిక చేసుకుని చేశాను" అన్నాను. ఆయనేం మాట్లాడలేదు. రాలిన పూత కప్పులో పడకుండా కాస్త జరిగి కూర్చున్నారు.

చెంబులో గులకరాళ్లు వేశాక కొమ్మ నిటారుగా నిలబడింది. రోజూ నీళ్లు మారుస్తున్నాను. పూత రాలిపోయినా కొమ్మని ఇంకో నాలుగు రోజులు ఉంచుతాను. ఉగాదికి వేపరెమ్మ ఎలాగూ వస్తుంది. ఎద్దుబండి మాత్రం అక్కడే ఉంటుంది.